ముప్పై ఆరు మార్కులు

నా పదో తరగతి మెమోలో లెక్కలకు 36 మార్కులున్నాయి. 35 వస్తే పాసు. 1996లో ఆ మెమో చేతికొచ్చిన రోజు మా అబ్బా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాస్ హై నా?" అన్నాడు. ఆయనకు చదవడం రాదు. "హౌ అబ్బా" అన్నాను. జేబులోంచి పది రూపాయలు తీసి మిఠాయి తెమ్మన్నాడు. నేను ఆ రోజే ప్రమాణం చేసుకున్నాను, ఇక చచ్చినా లెక్కల జోలికి పోకూడదని. ఇంటర్లో హెచ్.ఇ.సి. తీసుకున్నాను. తర్వాత బి.ఏ. ఆ తర్వాత పత్రికలు. పొద్దున ఉర్దూలో రాసి, సాయంత్రం తెలుగులో రాసి బతికాను. ఇరవై ఏడేళ్ళు ఆ ప్రమాణం తప్పలేదు.

2023లో తప్పాను. నలభై మూడేళ్ళ వయసులో, హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో, నా కూతురు వయసు పిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చుని త్రికోణమితి నేర్చుకున్నాను. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఇక్కడ చెప్తాను.

*

మా అబ్బా మేస్త్రీ. నల్లగొండలో ఆయన లేపిన గోడలు ఇప్పటికీ ఉన్నాయి. మా మొహల్లా మసీదును 1988 వేసవిలో పునాది నుంచి కట్టింది ఆయనే. కూలి సగమే తీసుకున్నాడు, మిగతా సగం అల్లా దగ్గర తీసుకుంటానన్నాడు. మసీదు గోడమీద చందాలిచ్చినవాళ్ళ పేర్లతో పాలరాయి ఉంది. అందులో దుకాణాల వాళ్ళున్నారు, జమీన్ల వాళ్ళున్నారు, దుబాయి పోయినవాళ్ళున్నారు. ఇటుక మీద ఇటుక పెట్టినవాడి పేరు లేదు. అది మీవాళ్ళ గుళ్ళలోనూ ఉండదు, మా మసీదుల్లోనూ ఉండదు. ఈ విషయంలో మనమంతా ఒక్కటే.

2009లో అబ్బా పోయాడు. 2022లో మసీదు పెంచాలనే మాట వచ్చింది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఫోన్లు తీసి ఖిబ్లా చూశారు. ఫోన్లో ముల్లు ఒకవైపు, మసీదు గోడ ఒకవైపు. "ముప్పై ఏళ్ళ నుంచి గలత్ దిక్కుకు నమాజు చదువుతున్నాం" అన్నాడొకడు. ఇంకొకడు అన్నాడు, "అనపఢ్ మేస్త్రీతో కట్టిస్తే ఇట్లనే ఉంటది." నేను అక్కడే ఉన్నాను. వాడికి నేనెవరి కొడుకునో తెలియదు. తెలిసిన పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఎందుకు విప్పలేదు? నాకూ అనుమానమే కాబట్టి. అబ్బా చదువుకోలేదు. దిక్కు ఎట్లా పెట్టాడో నాకు తెలియదు. ఫోన్ చెప్పేది తప్పని అనడానికి నా దగ్గర ఒక్క ముక్క చదువు లేదు. నాలుగు వేల వ్యాసాలు రాసినవాణ్ణి, నా తండ్రి గోడ నిటారుగా ఉందో లేదో చెప్పలేకపోయాను. ఆ రాత్రి నాకు నా ముప్పై ఆరు మార్కులు గుర్తొచ్చాయి.

*

ఆ మార్కులకూ ఒక కథ ఉంది.

ఏడో తరగతి దాకా నేను ఉర్దూ మీడియం. త్రిభుజం నాకు ముసల్లస్. కోణం జావియా. లంబకోణం జావియా ఖాయిమా. అందులో పొడుగాటి భుజం వతర్. లెక్కలంటే భయం లేదు. మా మాస్టరు సాబ్ "షాబాష్" అన్నప్పుడల్లా నేనే అనుకునేవాణ్ణి. ఎనిమిదో తరగతికి మాకు దగ్గర్లో ఉర్దూ బడి లేదు. 1993 జూన్‌లో తెలుగు మీడియంలో చేర్చారు. బాబ్రీ మసీదు కూలిన ఆరు నెలలకు. ఆ ఆరు నెలల్లో మా వీధిలో మాటల తీరే మారిపోయింది. క్లాసులో మేం ముగ్గురం. ముగ్గురం ఒకే బెంచీ. ఎవరూ కూర్చోబెట్టలేదు, మేమే కూర్చున్నాం.

మొదటి వారంలోనే లెక్కల సారు నన్ను లేపి, "కర్ణం అంటే ఏందిరా?" అన్నాడు. నాకు తెలిసిన మాట కరణం. "పట్వారీ సార్" అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. సారు కూడా నవ్వాడు. నవ్వితే పర్వాలేదు. తర్వాత అన్నాడు, "మీవాళ్ళకు లెక్కలెందుకురా? పంక్చర్లకు లెక్కలు కావాల్నా?"

నాకు వతర్ తెలుసు. మిగతా రెండు భుజాల మీద చదరాలు కలిపితే వతర్ మీద చదరం వస్తుందని తెలుసు. కానీ ఆ తెలిసింది చెప్పడానికి ఆ గదిలో భాష లేదు. నా చదువు నా నోట్లోనే ఉండిపోయింది. అది మొదలు లెక్కల పీరియడ్ వస్తే కడుపులో నొప్పి. చరిత్ర పీరియడ్‌లో ఇంకో రకం నొప్పి. గజనీ మహమ్మద్ పాఠం రాగానే తలలన్నీ మా బెంచీ వైపు తిరిగేవి, సోమనాథ్ మీదికి దండెత్తి మేమే ఇప్పుడొచ్చి కూర్చున్నట్టు.

ఇప్పుడనిపిస్తుంది, ఆ సారు ఒక్కసారి "మీ భాషలో దీన్నేమంటారు?" అని అడిగి ఉంటే నా బతుకు వేరే దారిన పోయేదేమో. ఉర్దూలో పెద్ద లెక్కలు చెప్పలేరనుకునేవాళ్ళు హైదరాబాదు చరిత్ర ఒకసారి చూడాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది. అంతకు ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా పెట్టి పాఠ్యపుస్తకాలు అనువదించడం మొదలుపెట్టారు. కాలేజీ లెక్కలు ఈ ఊళ్ళోనే ఉర్దూలో చదివారు. 1948 తర్వాత ఆ చదువు పోయింది. ముసల్లస్, జావియా మాబోటి చిన్న బడుల్లో మిగిలాయి. ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర అవీ పోయాయి.

*

సరే, కాలేజీ సంగతి. ఇంటర్లో లెక్కలు చదవకుండా వచ్చిన పిల్లల కోసం అక్కడ బ్రిడ్జి కోర్సు పెట్టారని వార్త రాయడానికి పోయాను. మేడమ్ బోర్డు మీద ఒక లంబకోణ త్రిభుజం గీసింది. నేను రాసుకోవడం ఆపేశాను. వార్త అయిపోయాక ప్రిన్సిపాల్‌ను అడిగాను, నేను కూడా కూర్చోవచ్చా అని. ఆయన తమాషాకు అన్నాననుకున్నాడు. వారానికి మూడు రోజులు, మూడు నెలలు పోయాను. మొదట్లో పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. తర్వాత "అంకుల్, హోంవర్క్ చేశారా?" అనే దాకా వచ్చింది.

సైన్, కొసైన్, టాంజెంట్. ఎదుటి భుజం బై కర్ణం, ఆసన్న భుజం బై కర్ణం, ఎదుటి భుజం బై ఆసన్న భుజం. త్రిభుజం పెద్దదైనా చిన్నదైనా, కోణం అదే అయితే నిష్పత్తి అదే. ఇది అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు. కాగితం మీద అంగుళం త్రిభుజమూ, కొండంత త్రిభుజమూ ఒకే మాట చెప్తాయి. కొండ ఎక్కకుండానే కొండ ఎత్తు చెప్పొచ్చు. చిన్నవాణ్ణి కొలిచి పెద్దవాడి లెక్క తేల్చొచ్చు!

ఒక రోజు మేడమ్ అడిగింది, "సైన్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికైనా తెలుసా?" ఎవరూ చెప్పలేదు. ఆమే చెప్పింది. ఆర్యభట క్రీ.శ. 499లో తన గ్రంథంలో ఈ లెక్కలకు పట్టిక ఇచ్చాడు. ఆయన మాట జ్యా, అంటే వింటినారి. దాన్నే జీవా అని కూడా అన్నారు. ఈ లెక్కలు ఎనిమిదో శతాబ్దంలో బాగ్దాద్ చేరాయి. అక్కడి పండితులు జీవాను అలాగే ఉంచుకుని జీబ అన్నారు. అరబ్బీలో హ్రస్వాచ్చులు రాయరు కదా, తర్వాత చదివినవాళ్ళు దాన్ని జైబ్ అని చదివారు. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి పోయేటప్పుడు జైబ్ అంటే అర్థమేమిటని చూసి, బట్ట మడత అని, సైనస్ అన్నారు. అదే సైన్.

నేను చెయ్యెత్తాను, చిన్నపిల్లాడిలా. "మేడమ్, జైబ్ ఇప్పటికీ మన దగ్గరే ఉంది" అన్నాను. చొక్కా జేబు చూపించాను. అరబ్బీ జైబ్ ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగులో జేబు అయింది. మీలో జేబు అనని తెలుగువాడు ఎవరు? వింటినారి ఈ దేశం నుంచి పోయి, బాగ్దాద్‌లో వేషం మార్చుకుని, యూరప్ తిరిగి, ఇంగ్లీషు పుస్తకంలో సైన్‌గా దిగింది. దాని తోబుట్టువేమో మన చొక్కాకు కుట్టుకుని కూర్చుంది. మరి దీన్ని ఏ దేశానికి పొమ్మంటారు?

మేడమ్ నవ్వింది. తర్వాత, "ఉర్దూలో హైపాటెన్యూస్‌ను ఏమంటారు సార్?" అంది. ముప్పై ఏళ్ళ కింద నేను ఎదురుచూసిన ప్రశ్న. "వతర్" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. వతర్ అంటే కూడా వింటినారే.

ఆ రాత్రి నేను పాత పుస్తకాలు తీశాను. టాంజెంట్‌ను అరబ్బీ పండితులు జిల్ అన్నారు. జిల్ అంటే నీడ. కర్ర పాతి నీడ కొలిచేవాళ్ళు కాబట్టి ఆ పేరు. పదమూడో శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ త్రికోణమితిని ఖగోళశాస్త్రం నుంచి విడదీసి దాని కాళ్ళమీద నిలబెట్టాడు. అల్ బీరూనీ సంగతి చదువుతూ ఆగిపోయాను. ఆయన గజనీ మహమ్మద్ కాలంవాడు, మహమ్మద్ కొలువులోవాడు. సంస్కృతం నేర్చుకున్నాడు. 1030 ప్రాంతంలో ఈ దేశం మీద కితాబుల్ హింద్ రాశాడు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న నందనా కోట దగ్గర కొండెక్కి, దిగంతం ఎంత కిందికి వంగి కనబడుతోందో కోణం కొలిచి, భూమి వ్యాసార్ధం లెక్కగట్టాడు. గజనీ పాఠంలో మా వైపు తిరిగిన ఆ తలలకు ఈయన పేరు ఎవరూ చెప్పలేదు. మాకూ చెప్పలేదు. గజనీని మా నెత్తిన రుద్దారు, బీరూనీని మా నుంచి దాచిపెట్టారు. అయితే ఒక మాట. బీరూనీ ఉన్నాడు కాబట్టి మమ్మల్ని గౌరవించండని నేను అడగడం లేదు. పంక్చర్లు వేసేవాడికీ ఆ గౌరవం రావాలి. అది బీరూనీ పూచీకత్తు మీద రాకూడదు.

*

మూడో నెలలో ఐడెంటిటీలు వచ్చాయి. తెలుగులో సర్వసమీకరణాలు. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఈక్వల్ టు వన్. మామూలు సమీకరణం ఏదో ఒకటి రెండు కోణాలకే నిజమవుతుంది, ఐడెంటిటీ ప్రతి కోణానికీ నిజమవుతుందని మేడమ్ చెప్పింది. బోర్డు మీద రాసి, "ప్రూవ్ ది ఐడెంటిటీ" అంది.

నాకు నవ్వొచ్చింది. నేను బతుకంతా చేసింది ఇదే కదా. కిరాయి ఇంటికి పోతే పేరు విని గది ఖాళీ లేదన్నప్పుడు, క్రికెట్ మ్యాచి రోజు ఆఫీసులో అందరూ నా ముఖం చూసినప్పుడు, ఎక్కడో బాంబు పేలితే మొదట నేనే ఖండించాలని ఎదురుచూసినప్పుడు, నేను ప్రూవ్ చేస్తూనే ఉన్నాను. లెక్కల్లో ఒకసారి ప్రూవ్ చేస్తే చాలు. మళ్ళీ ఎవరూ అడగరు. మమ్మల్ని మాత్రం ప్రతి ఆగస్టుకూ, ప్రతి డిసెంబరుకూ కొత్తగా ప్రూవ్ చేయమంటారు. మావాళ్ళూ తక్కువేం కాదు. తెలుగులో రాస్తే నువ్వు సగం ముసల్మానువంటారు. ఒక్కో కోణంలో ఒక్కో విలువ అడిగేవాళ్ళకు నేను సమీకరణంలా కనిపిస్తున్నాను. నేను సర్వసమీకరణాన్ని.

ఆఖరి పరీక్ష నేనూ రాశాను. 25కు 17 వచ్చాయి. మేడమ్ నా కాగితం మీద కూడా ఎర్ర సిరాతో తప్పులు దిద్దింది. ఆ కాగితం దాచుకున్నాను.

*

ఇక ఖిబ్లా. మేడమ్ దగ్గర కూర్చుని గోళం మీద లెక్క ఎట్లా వేయాలో అడిగి తెలుసుకున్నాను. నల్లగొండ నుంచి మక్కా దిక్కు సరిగ్గా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు. అట్లాసులో స్కేలు పెట్టి గీస్తే ఆరు డిగ్రీలే కనబడుతుంది. భూమి బల్లపరుపుగా లేదు కాబట్టి ఆ తేడా.

లెక్క వచ్చింది. అబ్బా ఎట్లా పెట్టాడో మాత్రం తెలియలేదు. అమ్మీని అడిగాను. ఆమె వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా అంది, "తేరే అబ్బా పాగల్ సరీకా ధూప్ మే బైఠే థే." పిచ్చోడి లెక్క ఎండలో కూర్చున్నాడంట. రంజాన్ పండగ అయిపోయిన పది రోజులకు, మే నెల ఎండలో, మధ్యాహ్నం అన్నం తిననని పోయి, ఖాళీ స్థలంలో నాలుగడుగుల కర్ర పాతాడంట. పక్కన మౌల్సాబ్ చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడంట. మూడు కొట్టే లోపల మౌల్సాబ్ "అబ్" అన్నాడు, అబ్బా నీడ మీద సున్నం గీత గీశాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఏటా రెండుసార్లు, మే 28 ప్రాంతంలో, జూలై 16 ప్రాంతంలో, మక్కాలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిమీదికి వస్తాడు. అప్పుడు మన దగ్గర మేలో 2 గంటల 48 నిమిషాలు. ఆ క్షణాన సూర్యుడు ఎటున్నాడో అటే కాబా. నిటారుగా పాతిన కర్ర నీడ దానికి సరిగ్గా వెనకవైపు పడుతుంది. దీనికి దిక్సూచి అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. చదువు కూడా అక్కర్లేదు.

2023 మే 28న నేను మసీదు ముందు ఖాళీ స్థలంలో నాలుగడుగుల కర్ర పాతాను. దారానికి ఇనుప గుండు కట్టి నిటారు చూశాను. 2 గంటల 48 నిమిషాలకు చాక్‌పీసుతో నీడ గీశాను. కొలిస్తే మూడడుగుల మీద అంగుళం లోపు.

నాలుగడుగుల కర్ర, మూడడుగుల నీడ. మీలో ఇల్లు కట్టించుకున్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. మూల సరిగ్గా రావాలంటే మేస్త్రీ ఒక పక్క మూడు, ఇంకో పక్క నాలుగు కొలిచి, అడ్డం ఐదు వచ్చిందా లేదా చూస్తాడు. అబ్బా చిన్నప్పుడు నాతో దారం పట్టించి, "తీన్, చార్, పాంచ్" అని పాడేవాడు. మా మసీదు దిక్కు నిలబెట్టిన కర్ర, దాని నీడ కూడా ఆ లెక్కకే దగ్గరగా కూర్చున్నాయి. నీడను కర్రతో భాగిస్తే 0.765. టాంజెంట్ అంత ఉండే కోణం 37 డిగ్రీల చిల్లర. భూమ్మీద డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే సుమారు 4,150 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి మక్కాకు అంత దూరం. హజ్‌కు పోవాలని పోలేక చచ్చిపోయిన మా అబ్బా ఆ రోజు ఎండలో కూర్చుని గీసిన గీతలో ఆ దూరం ఉంది. ఆయనకు తెలియదు. నాకు తెలియడానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది.

తర్వాత ఆ గీతను మసీదు పక్కగోడతో పోల్చాను. పదడుగుల దూరంలో నాలుగంగుళాల తేడా. 4 బై 120. రెండు డిగ్రీల లోపు. అంతే. ఫోన్లు కూడా మళ్ళీ చూశాం. లోపల స్తంభం పక్కన ఒక దిక్కు, ఆరుబయట ఇంకో దిక్కు చూపించాయి. స్తంభంలో ఇనుప చువ్వలుంటే దిక్సూచి ముల్లు వాటివైపు లాగుతుంది.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద ఉర్దూలో, వెనక తెలుగులో రాసి కమిటీకి ఇచ్చాను. అనపఢ్ మేస్త్రీ అన్న కుర్రాడు కాగితం అందుకుని, ఉర్దూ వైపు చూసి, తిప్పి, తెలుగు వైపు చూసి, "అంకుల్, మీరే చదవండి. నాది ఇంగ్లీష్ మీడియం" అన్నాడు. నాకు కోపం రాలేదు. వాడి ముసల్లస్‌ను ఎవరో ముందే లాక్కున్నారు. చదివి వినిపించాను. కర్ర పాతింది మా అబ్బా అని కూడా చెప్పాను. వాడు లేచి, "మాఫ్ కరో చాచా" అన్నాడు. పెద్దవాళ్ళు ఆ రోజు కూడా తలలు దించుకున్నారు.

గోడ కూల్చలేదు. కొద్ది డిగ్రీల తేడాకు నమాజు చెడదని మా హనఫీ పెద్దలు ఎప్పుడో చెప్పిందే మౌలానా మళ్ళీ చెప్పాడు. పాలరాయి మీద అబ్బా పేరు చెక్కిద్దామని ఒకరన్నారు. అమ్మీ వద్దంది.

ఆ రెండు డిగ్రీల సంగతి మాత్రం నాకు తేలలేదు. నీడ అంచు మసగ్గా ఉంటుంది. నా కర్ర వెంట్రుకవాసి వంగి ఉండొచ్చు. నేల ఎత్తుపల్లాలుండొచ్చు. లేకపోతే మౌల్సాబ్ గడియారం తప్పయి ఉండొచ్చు. ఆ తప్పు అబ్బాదో నాదో లెక్క చెప్పదు. ఇంకో మే 28కి మళ్ళీ కర్ర పాతి చూడాలి.